ఆందోళనకు సుగంధ తైలం: ఎన్ని చుక్కలు, ఎలా, ఎక్కడ ఆపాలి

పరీక్ష హాలు గేటు దగ్గరో, ఆపరేషన్‌కి పిలుపు వచ్చే ముందో, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడుతున్నప్పుడో మనకు కావలసింది ఆ పది నిమిషాలు గట్టెక్కడం. సుగంధ తైలం చేయగల సాయం ఆ మేరకే. అది నెలల తరబడి ఉన్న ఆందోళన జబ్బును నయం చేయదు, డాక్టరు రాసిన మాత్రకు బదులు కాదు. కానీ ఆ పది నిమిషాలకు చక్కగా పనికొస్తుంది. అయితే చుక్కలు లెక్కపెట్టి వాడాలి, ఒంటి మీద ఊరికే పోసుకోకూడదు, నోట్లో వేసుకోకూడదు.

ఆపరేషన్‌కు ముందు, పంటి డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు లావెండర్ వాసన పీల్చినవారిలో గాభరా కొంత తగ్గినట్టు చిన్న చిన్న పరిశోధనలు చాలా వచ్చాయి. వాటిలో ఒక చిక్కు ఉంది. మాత్రలైతే అసలుదీ ఉత్తదీ ఒకేలా చేసి, ఏది ఎవరికి ఇచ్చారో తెలియకుండా పరీక్షించవచ్చు. వాసనను అలా దాచలేరు. కాబట్టి ఫలితంలో తైలం వాటా ఎంత, నమ్మకం వాటా ఎంత అని విడదీయడం కష్టం. వాడేవారికి దీనివల్ల నష్టమేమీ లేదు, మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకుండా ఉంటే చాలు.

ముందు సీసా సంగతి

దుకాణంలో పక్కపక్కనే మూడు రకాల సీసాలు ఉంటాయి. ఆకునో పువ్వునో ఆవిరి పట్టి తీసినదీ, తొక్క నొక్కి తీసినదీ ఎసెన్షియల్ ఆయిల్. ఫ్రాగ్రెన్స్ ఆయిల్ అంటే కార్ఖానాలో కలిపిన సెంటు. అత్తరు సంప్రదాయంగా గంధపు నూనెలోకి బట్టీ పట్టినది, ఇప్పుడు చౌక రకాల్లో పారఫిన్ కూడా ఉంటుంది. ఈ వ్యాసంలోని చుక్కల లెక్క మొదటి రకానికే వర్తిస్తుంది.

లేబుల్ మీద మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారు, ఎలా తీశారు, ఏ దేశానిది, బ్యాచ్ నంబరు ఉండాలి. లావెండర్ అయితే లావండ్యులా అంగుస్టిఫోలియా అని చూసి కొనండి. లావండిన్, స్పైక్ లావెండర్ అనేవి దాని చుట్టాలే కానీ వాటిలో కర్పూరం వాటా ఎక్కువ, అవి నిద్రకూ నెమ్మదికీ ఎంచుకోదగ్గవి కావు. మన దేశంలో లావెండర్ సాగు జమ్మూ ప్రాంతంలోని భదర్వా చుట్టుపక్కల బాగా పెరిగింది, ఆ నూనె కూడా దొరుకుతుంది. ‘థెరప్యూటిక్ గ్రేడ్’ అన్న ముద్రకు విలువ ఇవ్వకండి. ఏ ప్రభుత్వ సంస్థా అలాంటి గ్రేడు నిర్ణయించలేదు, అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరది. దానికి బదులు తైలంలో ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నాయో చూపే జీసీ-ఎంఎస్ పరీక్ష రిపోర్టు ఆ బ్యాచ్‌కి ఇస్తారా అని అడగండి.

ధర కూడా చాలా చెబుతుంది. నిమ్మగడ్డి, మల్లె, గులాబీ, గంధం అన్నీ ఒకే ధరకు అమ్ముతుంటే అక్కడ మల్లె, గులాబీ, గంధం అసలువి కావు. మల్లె వాసన ఆవిరి వేడికి సరిగా నిలవదు, ద్రావకంతో తీయాలి, అందుకే అంత ఖరీదు. ఇంకో మాట, ఎర్రచందనానికి గంధపు వాసన ఉండదు. ‘సువాసనల ఎర్రచందనం తైలం’ అని రాసి ఉంటే ఆ సీసాను అక్కడే పెట్టేయండి.

ఇంట్లో చేసే చిన్న పరీక్ష ఒకటుంది. తెల్ల కాగితం మీద ఒక చుక్క లావెండర్ వేసి ఒక రోజు వదిలేయండి. జిడ్డు మరక మిగిలితే అందులో వంటనూనె లాంటిది కలిపారు. వట్టివేరు, గంధం చిక్కటివి, సహజంగానే మరక మిగులుస్తాయి కాబట్టి వాటికి ఈ పరీక్ష చెల్లదు. కార్ఖానా సెంటు కలిపితే కూడా ఇది పట్టుకోలేదు.

ఏ తైలం

మొదటిసారి అయితే లావెండర్ ఒక్కటే కొనండి, 10 మి.లీ. చాలు. నాలుగు రకాలు ఒకేసారి మొదలుపెడితే దద్దురు వచ్చినప్పుడు ఏది పడలేదో తెలియదు.

లావెండర్ వాసన గిట్టనివారు చాలామందే ఉంటారు. కొందరికి అది ఆసుపత్రినో బాత్రూం ఫ్రెషనర్‌నో గుర్తు చేస్తుంది. గిట్టని వాసన నెమ్మది ఇవ్వదు, బలవంతపెట్టుకోవద్దు. అలాంటివారికి వట్టివేరు మంచిది. ఎండాకాలం తడికల వాసన మనకు చిన్నప్పటి నుంచీ చల్లదనంతో ముడిపడి ఉంది, ఆ జ్ఞాపకం ఇక్కడ నిజంగానే పనిచేస్తుంది. నారింజ తొక్క తైలం పగటిపూట గాభరాకు బాగుంటుంది. నారింజ జాతి పండు బెర్గమాట్ తైలం కూడా మంచిదే కానీ పీల్చడానికి మాత్రమే ఉంచుకోండి. తొక్క నొక్కి తీసిన బెర్గమాట్‌లో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది. అది పూసిన చోట ఎండ తగిలితే కాలినట్టు కమిలి, నెలల తరబడి నల్లమచ్చ ఉండిపోతుంది. నొక్కి తీసిన నిమ్మ తైలాలతోనూ ఇదే ప్రమాదం. మన ఎండల్లో ఇది చిన్న విషయం కాదు.

రోమన్ కామోమైల్ వయ్యారిభామ కుటుంబపు మొక్క. వయ్యారిభామ పుప్పొడికి తుమ్ములూ దద్దుర్లూ వచ్చేవారు దాని జోలికి వెళ్లకండి. నీలగిరి తైలం, కర్పూరం, రోజ్‌మేరీ ఉత్సాహపరిచే రకాలు, ఆందోళనకు ఇవి కావు.

పీల్చే పద్ధతి, అన్నిటికన్నా మేలైనది

వాసన నాడులు మెదడులో భయానికీ జ్ఞాపకానికీ సంబంధించిన భాగాలకు చాలా దగ్గరగా చేరతాయి. అందుకే ఏదో ఒక వాసన తగలగానే ఎప్పటిదో ఊరు గుర్తొస్తుంది. దీన్ని మనకు అనుకూలంగా మలచుకోవచ్చు. కానీ వాసనను నెమ్మదితో ముందే ముడివేయాలి. చాలామంది చేసే పొరపాటు, గాభరా ఎక్కువయ్యాక మొదటిసారి సీసా మూత తీయడం. అప్పుడు మెదడు ఆ వాసనను గాభరాతో కలిపి దాచుకుంటుంది. పది రోజులకు ఆ వాసన తగిలితేనే దడ మొదలయ్యే అవకాశం ఉంది.

కాబట్టి ఇలా చేయండి.

1. మొదటి వారం, పది రోజులు మీరు నెమ్మదిగా ఉన్న వేళనే ఎంచుకోండి. రాత్రి భోజనం అయ్యాక, పక్క మీదికి చేరేముందు అయితే సులువు. ఫోను పక్కన పెట్టేయండి.

2. ఉతికిన చేతిరుమాలు మూలన లావెండర్ ఒక్క చుక్క వేయండి. రెండు నిమిషాలు ఆరనివ్వండి. తడి ఉన్న భాగం పెదవికీ ముక్కుకీ తగలకూడదు, తగిలితే మంట పుడుతుంది.

3. రుమాలును ముక్కుకి జానెడు దూరంలో పట్టుకోండి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి లోపలికి తీసుకోండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదలడం తీసుకోవడం కన్నా పొడవుగా ఉండాలి, గుండె వేగం తగ్గించే నాడి అప్పుడే పనిలోకి వస్తుంది. ఇలా పదిసార్లు. రెండు నిమిషాల్లోపే అయిపోతుంది.

4. రుమాలు మడిచి మూత ఉన్న డబ్బాలో పెట్టేయండి. మిగతా రోజంతా ఆ వాసన మీ చుట్టూ ఉండకూడదు.

5. వారం, పది రోజులు గడిచాక గాభరా మొదలవుతున్న వేళ ఇదే వరుసలో చేయండి. పూర్తిగా ముదిరాక కాదు, అరచేతులు చెమట పడుతున్నప్పుడు, గొంతు బిగుస్తున్నప్పుడే.

నాలుగో మెట్టు ఎందుకంటే, ముక్కు కొద్ది నిమిషాల్లో ఏ వాసనకైనా అలవాటు పడిపోతుంది. ‘వాసన పోయింది’ అనుకుని మనం ఇంకో రెండు చుక్కలు వేస్తాం. గదిలో తైలం పేరుకుపోతుంది, ముక్కుకు మాత్రం తెలియదు. తలనొప్పీ వికారమూ వచ్చేది చాలాసార్లు ఇందువల్లే. వాసన తెలియకపోతే ఆపాలి, పెంచకూడదు.

బయటికి వెళ్లేవారికి రుమాలు కన్నా పీల్చే గొట్టం అనుకూలం. లోపల దూదివత్తి ఉన్న ఖాళీ ఇన్‌హేలర్ గొట్టాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వత్తి మీద 8 నుంచి 10 చుక్కలు వేసి, అడుగు మూత బిగించి, పేరూ తేదీ రాసి అంటించండి. రెండు మూడు నెలలు వాసన నిలుస్తుంది. ముక్కులోకి దూర్చకుండా ముక్కు కింద పట్టుకుని పీల్చాలి. పక్కన కూర్చున్నవారికి వాసన అంటదు కాబట్టి బస్సులోనూ ఆఫీసులోనూ మర్యాదగా ఉంటుంది. బండి నడుపుతూ మాత్రం వాడకండి.

గదిలో డిఫ్యూజర్

నీళ్లను సన్నని తుంపరగా మార్చే అల్ట్రాసోనిక్ డిఫ్యూజర్‌లో 100 మి.లీ. నీళ్లకు 3 చుక్కలతో మొదలుపెట్టండి, 5 దాటకండి. అరగంట నడిపి, గంట ఆపండి. కిటికీ ఒకటి కాస్త తెరిచి ఉండాలి. ఏసీ గది తలుపులు మూసి రాత్రంతా నడపడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. పడుకునే ముందు అరగంట నడిపి, ఆపేశాకే పడుకోండి. వాడిన ప్రతిసారీ నీళ్లు పారబోసి తుడవాలి, నిలవ నీళ్లలో బూజు పుట్టి అదే తుంపరతో గాలిలోకి వస్తుంది.

ఇంట్లో ఆస్తమా ఉన్నవారు, పసిపిల్లలు, పిల్లి, కుక్క, పంజరంలో చిలుకలు ఉంటే డిఫ్యూజర్ వద్దు. మీకు కావలసిన వాసన వాళ్లందరి ఊపిరితిత్తుల్లోకీ వెళుతుంది. పిల్లి కాలేయానికి ఈ తైలాల్లోని చాలా పదార్థాలను విరగ్గొట్టి బయటికి పంపే శక్తి తక్కువ. తుంపర దాని బొచ్చు మీద పడితే నాకి మింగేస్తుంది. టీ ట్రీ తైలమైతే పిల్లికీ కుక్కకీ విషమే.

వేడినీళ్ల గిన్నెలో చుక్కలు వేసి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడం ఆందోళనకు అవసరం లేదు. గిన్నె ఒలికి ఒళ్లు కాల్చుకునే ప్రమాదమే ఎక్కువ. ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న నెబ్యులైజర్‌లో ఎసెన్షియల్ ఆయిల్ ఎట్టి పరిస్థితుల్లోనూ పోయవద్దు. నూనె నేరుగా ఊపిరితిత్తుల్లోకి చేరి వాటిని దెబ్బతీస్తుంది.

చర్మానికి రాసుకోవాలంటే

మణికట్టుకో మెడ వెనకో రాసుకోవడానికి మామూలు నూనెలో కలిపి తీరాలి. లెక్క సులువే. 1 మి.లీ.కి సుమారు 20 చుక్కలు. కాబట్టి 10 మి.లీ. నూనెలో 2 చుక్కలు వేస్తే 1 శాతం, 4 వేస్తే 2 శాతం. 30 మి.లీ.కి 6 చుక్కలు 1 శాతం, 12 చుక్కలు 2 శాతం. ముఖానికీ, వయసు మళ్లినవారికీ, సున్నిత చర్మానికీ 1 శాతం దాటకండి. మిగతావారికి ఒంటికి 2 శాతం చాలు. అంతకు మించితే నెమ్మది పెరగదు, దురద వచ్చే అవకాశం పెరుగుతుంది.

కలపడానికి నువ్వుల నూనె, బాదం నూనె, కొబ్బరి నూనె ఏదైనా సరే. నువ్వులు, బాదం పడనివారు వాటిని వదిలేయాలి. మామూలు కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. కాబట్టి డిసెంబరు, జనవరిలో రోల్-ఆన్ సీసాలో గోళీ తిరగక మొరాయిస్తుంది. పేరుకోని ఫ్రాక్షనేటెడ్ కొబ్బరి నూనె కొనండి, లేదా చలికాలానికి బాదం నూనె వాడండి. ముందు చుక్కలు వేసి తర్వాత నూనె పోసి, సీసాను అరచేతుల మధ్య దొర్లించండి.

రాసుకునే ముందు పరీక్ష తప్పనిసరి. కలిపిన నూనె ఒక చుక్క మోచేతి మడత లోపలి వైపు రాసి, రెండు రోజులు చూడండి. ఎరుపు, దురద, పొక్కు వస్తే ఆ తైలం మీకు పడదు. ‘ఒంట్లోని విషం బయటికి వస్తోంది’ అని ఎవరైనా చెబితే నమ్మకండి, అది అలర్జీ. ఒకసారి అలర్జీ వచ్చిందంటే చాలావరకు జీవితాంతం ఉంటుంది, అవే పదార్థాలు ఉన్న సబ్బులూ సెంట్లూ కూడా పడవు.

స్నానపు నీళ్లలో చుక్కలు వేసుకునేవారు ఒకటి గమనించాలి. తైలం నీళ్లలో కరగదు. పైన తేలి, కూర్చోగానే చర్మానికి నేరుగా అంటుకుంటుంది, మెత్తని చోట్ల మంట పెడుతుంది. పాలలో కలిపి పోసినా అంతే. వాసన లేని లిక్విడ్ సోపు ఒక చెంచాలో 3 చుక్కలు బాగా కలిపాకే నీళ్లలో వేయండి.

తాగవచ్చా?

వద్దు. జర్మనీలో 80 మిల్లీగ్రాముల లావెండర్ తైలం క్యాప్సూల్‌ను మందుగా అమ్ముతారు, ఆందోళన మీద దానికి మంచి పరిశోధనలే ఉన్నాయి. అది నిర్ణీత ప్రమాణంతో తయారైన మందు. దాన్ని చూపించి డిఫ్యూజర్ కోసం కొన్న సీసాలోంచి గ్లాసు నీళ్లలో రెండు చుక్కలు వేసుకోమనడం తప్పు. నీళ్లలో కలవని తైలం గొంతునూ కడుపు పొరనూ నేరుగా తాకుతుంది. నిద్రమాత్రలు, మత్తు కలిగించే మందులు వాడేవారికి మగత మరింత పెరగవచ్చు.

వీళ్లు ముందే ఆగాలి

మూర్ఛ ఉన్నవారు నీలగిరి తైలం, కర్పూరం, రోజ్‌మేరీ, సేజ్ తైలాలకు దూరంగా ఉండాలి. వీటిలో కొన్ని పదార్థాలు మెదడును రెచ్చగొట్టి ఫిట్స్ తెప్పిస్తాయి. నీలగిరి, కర్పూరం ఉన్న బామ్‌ల వాడకంతో ముడిపడిన ఫిట్స్‌ను బెంగళూరు వైద్యులు పెద్దవాళ్లలోనూ నమోదు చేశారు. జలుబు చేసిందని పసివాడి ముక్కు కింద కర్పూరం నూనె రాయడం మన ఇళ్లలో ఇంకా ఉంది, దయచేసి మానేయండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి. మొదటి మూడు నెలలూ అసలే వద్దు. రెండేళ్లలోపు పిల్లలకు ఏ తైలమూ అవసరం లేదు, పెద్ద పిల్లలకైతే పిల్లల డాక్టరు మాట ప్రకారమే. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారు నొప్పుల కోసం అమ్మే వింటర్‌గ్రీన్ తైలం ముట్టకూడదు. అది దాదాపు మొత్తం ఆస్పిరిన్ జాతికి చెందిన మిథైల్ సాలిసిలేటే, ఒక చెంచాడు మింగితే ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలు మింగినట్టు.

నిలవ, పొరపాట్లు

తైలం గాలి తగిలి పాతబడితే దానిలోని లినలూల్, లిమొనీన్ అనే వాసన పదార్థాలు మారిపోయి అలర్జీ కలిగించే పదార్థాలవుతాయి. వాసన ఇంకా బాగానే అనిపించవచ్చు. అందుకే సీసా తెరిచిన తేదీ దాని మీదే రాయండి. నారింజ, నిమ్మ రకాలు ఏడాది, లావెండర్ రెండేళ్లు, ఆ తర్వాత ఒంటికి వాడవద్దు. మే నెలలో మన వంటింటి అలమర కూడా ఎక్కువ వేడే, ఫ్రిజ్ తలుపులో మూత ఉన్న డబ్బాలో పెట్టండి. రబ్బరు బుడ్డి డ్రాపరు బిగించి నిలవ ఉంచకండి, ఆవిరికి రబ్బరు మెత్తబడి నూనెలో కలుస్తుంది. నారింజ తైలం థర్మకోల్ కప్పును కరిగించేస్తుంది, దాన్నిబట్టి దాని బలం తెలుసుకోండి. మంటకు దగ్గర పెట్టకూడదు, అంటుకుంటుంది.

కంటి చుక్కలు, చెవి చుక్కలు, పిల్లల విటమిన్ చుక్కలు ఉండే చోట ఈ సీసాలు పెట్టకండి. చీకట్లో, కళ్లజోడు లేకుండా, అన్ని చిన్న సీసాలూ ఒకేలా ఉంటాయి.

చర్మం మీద నూనెలో కలపని తైలం ఒలికితే ముందు వంటనూనెతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. కంట్లో పడితే ధారగా మంచినీళ్లతో 15 నిమిషాలు కడిగి కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. పిల్లవాడు మింగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. వాంతిలో వచ్చే నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే అసలు ప్రమాదం అదే. నోరు తుడిచి, ఏమీ తాగించకుండా, సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి బయల్దేరండి. 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. పిల్లవాడు ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లో కూర్చోవద్దు, నీలగిరి తైలం, కర్పూరం లోపలికి పోతే కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు.

పనిచేస్తోందా లేదా

చిన్న పుస్తకంలో రెండు వారాలు రాయండి. వాడేముందు గాభరా పదికి ఎంత, పది శ్వాసలయ్యాక ఎంత. ఏడు నుంచి ఐదుకు దిగుతుంటే కొనసాగించండి. ఏ మార్పూ లేకపోతే తైలం ఆపేసి శ్వాస మాత్రం ఉంచుకోండి, అది డబ్బులు లేని మందు. చుక్కలు రోజురోజుకీ పెంచాలనిపిస్తుంటే, సీసా లేకుండా గడప దాటలేకపోతుంటే, నిద్రా తిండీ పనీ దెబ్బతింటుంటే ఇక తైలాల సంగతి పక్కన పెట్టి డాక్టరును కలవాలి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ అచ్చం ఆందోళనలాగే ఉంటుంది, రక్తపరీక్షతో తేలిపోతుంది. ఛాతీలో నొప్పి, ఎడమ చేతికి లాగడం, ఊపిరి అందకపోవడం ఉంటే రుమాలు వెతక్కుండా నేరుగా ఆసుపత్రికే. మనసు బాగాలేదని ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలీ మానస్ 14416 ఉంది. ఏ వేళలోనైనా, తెలుగులో, ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు.